క్యాలెండరు బొమ్మలో ఐదో మనిషి

ఆ బొమ్మ మా ఇంట్లోకి రావడానికి కారకుడు మా మావయ్య. మావయ్యంటే అమ్మకి సొంత తమ్ముడు. ఆయనా నాన్నా పోర్టులో ఒకే గ్యాంగులో కలాసీలు. ఏదో జర్మనీ ఓడ సరుకు దింపుకుని వెళ్ళబోతుంటే, అందులో ఆఫీసరొకాయన గోడకున్న పాత క్యాలెండరు తీసి మావయ్య చేతిలో పెట్టాడట. మావయ్య దాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, డ్యూటీ దిగగానే తిన్నగా కంచరపాలెం వచ్చేశాడు.

"ఇదిగో గుంటా, బొమ్మలు బొమ్మలని సంపేత్తన్నావు కదా. పన్నెండున్నాయి. పండగ సేసుకో" అన్నాడు.

పన్నెండింట్లో పదకొండు కొండలూ, ఆవులూ, చర్చి గోపురాలూ. నవంబరు నెల బొమ్మ ఒక్కటే వేరు. అందులో ఐదుగురు నాట్యం చేస్తున్నారు. ఆడవాళ్ళో మగవాళ్ళో చెప్పలేం. ఎర్రటి బట్టలు, వెనక చిక్కటి నీలం, ముఖాలు మాత్రం ఆకుపచ్చ. కళ్ళుండాల్సిన చోట రెండేసి నల్లటి గీతలు. కాళ్ళూ చేతులూ ఎవరివెవరివో వెతుక్కోవాలి. నలుగురు మధ్యలో ఉంటే, ఐదో మనిషి ఓ పక్కన, బొమ్మలోంచి బయటికి పడిపోబోతున్నట్టు ఉన్నాడు.

ఎనభైల మొదటి రోజులవి. నేను యూనివర్సిటీలో బొమ్మల కోర్సు రెండో ఏడు చదువుతున్నాను. ఆడపిల్లకి బొమ్మల చదువేమిటని మా వీధంతా అడిగింది. వీధంతటికీ నేను విడివిడిగా జవాబు చెప్పాను. నాకప్పుడు నోరెక్కువ. ఇప్పుడూ తక్కువేం కాదు. మైదా జిగురు కాచి, ఆ నవంబరు బొమ్మని ముందుగది గోడకి, తలుపు తియ్యగానే కనబడేలా అంటించేశాను.

అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మో, ఐదుగురికీ ఒకేపాలి పసిరికలొచ్చీసినాయేటే? ఆకు పసరు ఏయించేవోల్లు నేరేటి ఆ దేశంలో?"

"పచ్చకామెర్లు కాదమ్మా. దీన్ని ఎక్స్‌ప్రెషనిజం అంటారు."

"పేరు పెద్దదే. తగ్గుద్దా మరి?" అంది అమ్మ.

అమ్మకి అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకు లేదు. మా మేష్టారు క్లాసులో చెప్పినదాన్ని నాలుగింతలు చేసి అప్పజెప్పేదాన్ని. కంటికి కనబడేది కాదు, మనసుకి తోచేది గీస్తారు. మనసులో క్షోభ ఉంది కనక ముఖాలు పచ్చబడ్డాయి. పట్నాల్లో బతుకు వంకరైంది కనక కాళ్ళు వంకరయ్యాయి. ఇది ఒంటరితనం, ఇది దుఃఖం. పాలు పోసే ఆవిడకి కూడా ఇదంతా చెప్పాను. ఆవిడ చెంబు పట్టుకుని పూర్తిగా విని, "పాపం" అని వెళ్ళిపోయింది.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. ఆయనది విజయనగరం పక్కన పల్లె. పోర్టు పనికి వచ్చినప్పుడు ఆయన వెంట ఉన్న ఆస్తి ఒక రేకు తప్పెట, ఒక జత గజ్జెలు. మా వైపు తప్పెటగుళ్ళు తెలియనివాళ్ళు ఉండరు. పదహారు మంది మగవాళ్ళు తప్పెటలు మెడకి తగిలించుకుని, రొమ్ము మీద రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ, గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. నాన్న తన గ్యాంగులో వాళ్ళందరికీ అది నేర్పి ఒక దళం చేశాడు. ఆయన్ని పేటలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు, గురువుగారనేవారు. నాన్న గాల్లోకి లేస్తే కింద నుంచి చిన్నపిల్లలు దూరి వెళ్ళిపోవచ్చు. నేనూ వెళ్ళాను.

యూనివర్సిటీకి వెళ్ళాక మాత్రం ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. మీ నాన్నగారేం చేస్తారంటే పోర్టులో ఉద్యోగం అని ఊరుకునేదాన్ని. నిక్కరు తొడుక్కుని గెంతుతాడని చెప్పడానికి సిగ్గేసేది. గోడ మీది జర్మనీవాళ్ళు గెంతితే అది కళ, మా నాన్న గెంతితే పల్లెటూరి ఆట. అప్పటి నా తెలివి అంత.

అంతకు ముందు ఏడాది వానాకాలంలో నాన్న రైలు గేటు దాటుతుంటే సైకిలు చక్రం పట్టా సందులో ఇరుక్కుంది. పడ్డాడు. కుడి మోకాలు చితికింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ మోకాలు మరి వంగలేదు. గ్యాంగు పని మాన్పించి కూర్చునే పని ఇచ్చారు. నడిస్తే ఆ కాలు కర్రలా పక్కకి తిరిగి వచ్చి పడేది. తప్పెటా గజ్జెలూ మూటకట్టి అటక మీద పడేశాడు. "ఒంగని కాలుతో ఆటేటి? ఎవడో ఒకడు నవ్వుతాడు" అన్నాడు. దళం సాయంత్రాలు రైలు పట్టాల పక్క మైదానంలో సాధన చేస్తుంటే, అటు వెళ్ళాల్సి వస్తుందని చుట్టూ తిరిగి ఇంటికొచ్చేవాడు. గురువుగారి ఇల్లు అన్నవాళ్ళే కుంటాయన ఇల్లు అని దారి చెప్పడం మొదలుపెట్టారు. అది టీకొట్టు దగ్గర ఆయన చెవిన పడింది. మిగతా అన్నిటికీ నవ్వే మనిషి, ఆట మాటెత్తితే నోరు మూసేసుకునేవాడు.

నెలరోజుల్లో అమ్మవారి పండగ ఉందనగా, ఓ ఆదివారం పొద్దున్న మావయ్య దళంలో నలుగురిని వెంటేసుకొచ్చాడు. గురువు లేక అడుగులు చెడిపోతున్నాయి, ఊరికే వచ్చి కూర్చుని తప్పులు చెప్పమని బతిమాలారు.

"కూకుని సెప్పడానికి నానేటి బడి మేస్టర్నా? నన్నొగ్గీండి" అన్నాడు నాన్న. అని గుమ్మంలో మెట్టు మీద, అందరికీ వీపు చేసి కూర్చున్నాడు.

వచ్చినవాళ్ళు వెళ్ళనూ లేక, మాట్లాడనూ లేక ముందుగదిలో బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు. ఎదురుగా నవంబరు బొమ్మ. మావయ్య దానికేసి చాలాసేపు చూశాడు. వేళ్ళతో తన మోకాలి మీద దరువు వేశాడు. ఆపాడు. మళ్ళీ వేశాడు.

"బావ, ఈలు ఏటడుగేత్తన్నారు?"

"నాకేటి తెల్సు? ఆల్లనే అడుగు" అన్నాడు నాన్న, తల తిప్పకుండా.

"కాదు, ఒకడు ఎడమ కాలు నేపినాడు. పక్కోడు కుడికాలు. మద్దెలోడు గాల్లో ఉన్నాడు. తాళం తప్పిపోనారో, మనకి తెలీని అడుగో!"

ఇందులో మా వాళ్ళకి వింతేమీ లేదు. జాతరలో పక్క ఊరి దళం కొత్త అడుగు వేస్తే, వీళ్ళు గుంపులో నిలబడి చూస్తూ చూస్తూ దాన్ని కాళ్ళతో దొంగిలించేస్తారు. ఆట అయ్యేలోపు ఏ పాక వెనక్కో వెళ్ళి వేసి చూసుకుంటారు. రెండు దళాలకీ ఆ సంగతి తెలుసు, దొంగతనమని ఎవరూ అనుకోరు. ఆ పొద్దు మావయ్యకి ఆ బొమ్మ ఓ పక్క ఊరి దళంలా కనబడింది, అంతే.

నేను వద్దు వద్దంటున్నా వినకుండా, పెనం మీంచి అట్టు తీసినంత జాగ్రత్తగా దాన్ని గోడ నుంచి ఊడదీశాడు. ఒక మూల చిరగనే చిరిగింది. వాకిట్లో కుళాయి పక్క బట్టలుతికే రాయికి ఆనించి నిలబెట్టారు. బొమ్మలో ఐదుగురు, వచ్చినవాళ్ళు ఐదుగురు. తలో మనిషినీ పంచుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మావయ్యా, అది అడుగు కాదు! ఫొటో కాదది. అది బాధ. మనిషి లోపలుండే క్షోభ!"

"అలాగా తల్లీ? ఆ చ్చోబ కాల్లోకి రాకండా ఎక్కడాగిపోద్ది? ముందు కాలు పెట్టనియ్యి. అదెలాగుంటాదో నానే సెప్తాను."

నేను వెళ్ళి, బొమ్మ తడవకుండా దాని కింద ఓ పీట పెట్టాను.

మూడో మనిషిని తీసుకున్నాయన తల వెనక్కి విరిచి, చేతులు పైకెత్తి నిలబడ్డాడు. నిలబడిన కాసేపటికి నవ్వడం మొదలెట్టాడు. "ఏటిరా?" అంటే "ఏటో తెల్దు, ఇలాగుంటే నవ్వొచ్చెత్తంది" అన్నాడు. రెండో బొమ్మ గ్యాంగులోకెల్లా భారీ మనిషికి వచ్చింది, పెద్ద మీసాలాయన. ఒంగి, మెడ దించి, చేతులు రెండూ వెనక్కి వదిలేశాడు. అలా ఉండిపోయాడు. లేచి ముక్కు చీదుకుని, "ఇది నా వల్ల కాదు. ఎందుకో మాయమ్మ గేపకమొచ్చీసింది" అన్నాడు. మావయ్య అతని భుజం మీద చెయ్యి వేసి, తనే వెళ్ళి ఆ చోట్లో నిలబడ్డాడు.

కాసేపు అలా నిలబడి, ఇంకా ఒంగే ఉండి, "గుంటా, నాను సెప్తాను ఇను" అన్నాడు. "ఇది ఆకరి సుట్టు. ఈలందరికీ ఊపిరయిపోయింది. ఐనా ఆపనేకపోతన్నారు. మొకం పచ్చబడక ఎర్రబడుద్దేటి? ఆడేటప్పుడు మా మొకాలు మాకు కనబడవు గానీ, ఇలాగే ఉంటాయి."

నేను బొమ్మకేసి చూశాను. రెండు నెలలుగా రోజూ చూస్తున్న బొమ్మే. దుఃఖం అందులో ఉంది, మేష్టారు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ దుఃఖాన్ని ఎవరూ కూర్చుని పడటం లేదు. ఆడుతూ పడుతున్నారు. అంత చిన్న సంగతి నాకు అంతవరకూ తట్టలేదు.

ఐదో మనిషి దగ్గరే చిక్కొచ్చింది. ఒక కాలు బారుగా పక్కకి, నడుం కుంగి, ఒళ్ళంతా ఓ వైపుకి విసిరేసి, చేతులు పైకి. దాన్ని తీసుకున్నాయన మోకాలు వంచి నిలబడబోయి కుళాయి కింద మడుగులో పడ్డాడు. లేచి మళ్ళీ పడ్డాడు. ఇంకొకడు వచ్చి ఉతికే రాయి మీద, బొమ్మకి జానెడు దూరంలో పడ్డాడు. ఈపాటికి ఇరుగుపొరుగు పోగయ్యారు. అమ్మ గరిటతో సహా వచ్చి నిలబడింది. పడినప్పుడల్లా పిల్లలు చప్పట్లు.

నాన్న మెట్టు మీంచి ఓరగా చూస్తున్నాడు. మూడోసారికి ఇక ఆగలేకపోయాడు.

"మోకాలొంచుతావేటిరా ఎర్రిమొకమా? ఆడు మోకాలొంచనేదు. ఒంగదాడికి! కాలు కర్ర. బరువు తుంటి మీద ఏసి, ఒల్లిటు పడేసి, సేతులతో కాసుకుంటన్నాడు. కనబడట్లేదేటి?" అంటూనే లేచి వచ్చాడు. వచ్చి నిలబడ్డాడు.

అచ్చు బొమ్మలో మనిషే. అందరికీ ఒకేసారి తెలిసింది. ఆఖర్న నాన్నకీ తెలిసింది. తల వంచి తన కాలుకేసి చూసుకున్నాడు.

మావయ్య ఆలోచించే మనిషి కాడు. "అదీ బావ!" అని రొమ్ము మీద దరువెత్తుకున్నాడు. నాన్న ఒక అడుగు వేశాడు. ఆ కాలు తిరిగి వచ్చి పడేసరికి దరువు కన్నా కొంచెం ఆలస్యం. రెండో అడుగూ అంతే ఆలస్యం. అలా ప్రతిసారీ ఒకే కొలతలో వెనకబడుతుంటే, దరువు మధ్యలో ఇంకో దరువు పుట్టింది. ఆరడుగులు వేసి పకపకా నవ్వాడు. ఏడాదిగా నేను ఆ నవ్వు వినలేదు. నాకెంత సంతోషం కలిగిందంటే, నా బొమ్మ మూల చిరిగిన కోపం కూడా మర్చిపోయాను.

అక్కడ ఊరుకుంటే బాగుండేది. మావయ్య ఊరుకోడు కదా. "పండక్కి ఇదే బావ! పదారుమందివీ ఇదే అడుగేత్తాం!" అన్నాడు.

నాన్న నవ్వు టక్కున ఆగింది. "నన్ను సూసి జాలిపడి పదారుమంది కుంటతారేటి? కుంటాయన్ని పిలిసి కుంటాటాడించినారని ఊరు నవ్వుద్ది. పొండి" అని లోపలికెళ్ళి కర్టెన్ లాగేసుకున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. నేను మళ్ళీ జిగురు కాచి బొమ్మని గోడకి అంటించాను.

నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తలేదు. సాయంత్రాలు మైదానంలోంచి తప్పెటల మోత వినబడేది. వాళ్ళు ఆ అడుగే వెయ్యబోతున్నారని, రావడం లేదని మా ఇంట్లోకి తెలుస్తూనే ఉంది. వెనకబడాల్సిన దరువు ఒకసారి ముందొచ్చేది, ఒకసారి అసలు వచ్చేది కాదు. నాన్న అన్నం తింటూ తింటూ నమలడం ఆపేవాడు. మొహం చిట్లించుకుని మళ్ళీ తినేవాడు.

ఐదో రోజు పొద్దున్న నేను బస్సుకి తయారై వస్తే, నాన్న టీ గ్లాసు పట్టుకుని బొమ్మ ముందు నిలబడి ఉన్నాడు.

"నువ్వు సదూకున్నదానివి. ఉన్నమాట సెప్పు. ఈడు కుంటోడేనా?"

అవునంటే ఆడతాడు. ఆ ఒక్క ముక్కా నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ బొమ్మలో అందరి కాళ్ళూ వంకరే. గీసినాయన తొందరలో కుంచె అలా లాగి ఉండొచ్చు. బొమ్మల విషయంలో అబద్ధమాడటం నాకు చేతకాదు, పైగా నాన్న నా మొహం చూసి పట్టేస్తాడు. నా యూనివర్సిటీ భాష ఆ నిమిషంలో ఎటు పోయిందో పోయింది.

"తెల్దు నాన్నా. కుంటోడినే గీసినాడో, గీత అలా పడిపోనాదో గీసినాయనకే తెలియాల" అన్నాను. ఆయన మొహం వాడింది. నేను గబగబా చెప్పాను. "కానీ ఒకటి సెప్తాను ఇను. ఈ నూని రంగు ఆరడానికి రోజులు పడతాది. కాలు బాగోనేదనుకుంటే గుడ్డతో తుడిసీయొచ్చు. మీద ఇంకో కాలు ఏసీయొచ్చు. నాను రోజూ అదే సేత్తన్నాను. ఆయన సెయ్యనేదు. ఆ కాలు అలాగుంటేనే ఆట బాగుందనుకున్నాడు. ఉంచీసినాడు."

"ఉంచీసినాడా?"

"ఉంచీసినాడు."

నాన్న టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చుట్టుదారిన ఇంటికి రాలేదు. మైదానంలోంచి కాసేపు మోత ఆగింది, తర్వాత ఆయన తిట్లు మా ఇంటిదాకా వినబడ్డాయి. అమ్మ చేస్తున్న పని ఆపి, స్టూలేసుకుని అటక మీంచి మూట దింపింది.

మరి మూడు వారాలు దళానికి నిద్రాహారాలు లేవు. వంగే మోకాలు వంగకుండా ఆపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది వాళ్ళకి. నాన్న పదిహేను మంది కుడి మోకాళ్ళకీ వెదురు బద్దలు పెట్టి తువ్వాళ్ళతో కట్టించాడు. కాళ్ళు పట్టేసి, పగలు పనిలో కూడా అందరూ కుంటుతున్నారట. గ్యాంగు మొత్తానికి ఏం రోగమొచ్చిందని సూపర్‌వైజరు కంగారు పడ్డాడని మావయ్య వచ్చి చెప్పి, గోడకి జారబడి మరీ నవ్వాడు.

ఒక్క విషయంలో మాత్రం నాన్న పట్టుబట్టాడు. ముందు నిలబడనన్నాడు. పాట మావయ్య ఎత్తుకోవాలి, తను వరసలో ఒకడిగా ఉంటాడు. గురువు వెనకుండటమేమిటని అందరూ అన్నారు. విన్లేదు.

పండగ నాడు నా క్లాసువాళ్ళని నలుగురిని పిలిచాను. "మా నాన్న తప్పెటగుళ్ళు ఆడతాడు, రండి" అని వాళ్ళతో చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది, చెప్పాక రెండు నిమిషాలు కూడా పట్టలేదనిపించింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మైదానం నిండిపోయింది. పదహారు మందీ ఒకే ఎర్ర నిక్కర్లు, ఒకే తలపాగాలు. మామూలు అడుగులతో మొదలెట్టారు. అప్పుడు మావయ్య ఓ కేక వేశాడు, పదహారు కుడికాళ్ళూ కర్రలైపోయాయి.

జనం మొదట నవ్వారు. కానీ ఆ వెనకబడే దరువు పదహారు తప్పెటల మీద ఒక్కటిగా పడేసరికి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఒళ్ళు పడిపోతున్నట్టు వాలడం, పడకుండా లేవడం, మళ్ళీ వాలడం. నా పక్కన ముసలావిడ కర్ర ఊతం చేసుకుని ఊగుతోంది. ఆఖరి చుట్టులో ఎవరి దగ్గరా ఊపిరి లేదు, ఎవరూ ఆపడం లేదు. నేను ఏడ్చాను. నా క్లాసువాళ్ళు చూస్తున్నారని తెలిసీ ఏడ్చాను. ఆట అయ్యాక జనం మళ్ళీ మళ్ళీ అడిగి ఆ అడుగు రెండుసార్లు వేయించుకున్నారు.

మర్నాడు నాన్న మంచం దిగలేదు. అమ్మ ఉప్పు వేయించి మూటకట్టి మోకాలికి కాపడం పెడుతోంది. పొద్దున్నుంచి పేటంతా వచ్చి మెచ్చుకుని వెళ్ళింది. అమ్మ మాత్రం ఒక్క మాటా అనలేదు. నాన్న కాసేపు ఓపిక పట్టాడు.

"ఏటే, ఎలాగాడినాను?"

"నాకేటి తెల్సు?" అంది అమ్మ.

"సూడనేదేటి?"

"సూడకేటి? ఏడాదై ఈది సివర మనిసి కనబడితే సాలు, నువ్వేనని తెలిసిపోతంది నాకు. నిన్న సూత్తే పదారుమందీ అలాగే నడుత్తన్నారు. నువ్వేడున్నావో తెలీక, ఆట అయిపోయేదాకా ఎతుకుతానే ఉన్నాను."

నాన్న నొచ్చుకున్నాడేమోనని నేను భయపడ్డాను. ఆయన అమ్మ చేతిలోంచి కాపడం మూట తీసి మంచం మీద పెట్టాడు.

"మల్లీ సెప్పు" అన్నాడు.